పాల పళ్ళ నాటి నీళ్ళు

(నరసరావుపేటలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ సాయంత్రం మనం తలుచుకుంటున్న మేష్టారిని ఆయన ఉన్నంతకాలం మనలో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ఈ వేదిక మీద నుంచి కూడా మేష్టారనే అంటాను. హైస్కూల్లో సైన్సు చెప్పినాయన. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల్ని మొదటివారంలోనే ఒక్కొక్కరినీ లేపి "మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతార్రా?" అని అడిగేవారు. కాలవ నీళ్ళా, బోరు నీళ్ళా, చేలో బావి నీళ్ళా అని. పిల్లలకది వింత ప్రశ్న. ఇంటి పేరడిగే మేష్టార్లున్నారు, నాన్న ఏం చేస్తాడని అడిగేవాళ్ళున్నారు, నీళ్ళ గురించి అడిగింది ఆయనొక్కరే. పిల్లల పళ్ళ డాక్టరుగా ఈ ప్రాంతంలో పని చేస్తున్న నాకు ఆ ప్రశ్న విలువ రోజూ తెలుస్తోంది. పల్నాడులో పసిబిడ్డల పళ్ళ గురించి మాట్లాడాలంటే ముందు ఇంట్లో బిందె గురించి మాట్లాడాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది అదే.

నా దగ్గరికి పిల్లలు రెండు రకాల బాధలతో వస్తారు. ఏడెనిమిదేళ్ళ పిల్లను తల్లి తీసుకొస్తుంది. పాల పళ్ళు ఊడి కొత్తగా వచ్చిన పై ముందు పళ్ళ మీద సుద్దరంగు అడ్డచారలు, కొందరికి పసుపు, కొందరికి ముదురు గోధుమ రంగు మచ్చలు. "గార పట్టింది డాక్టరు గారూ, క్లీనింగు చేయండి" అంటుంది. మూడేళ్ళవాణ్ణి నాయనమ్మ చంకనేసుకుని వస్తుంది. పై ముందు పళ్ళు నాలుగూ మొదళ్ళ దాకా నల్లబడి విరిగిపోయి ఉంటాయి. బుగ్గ వాచి ఉంటుంది, రాత్రంతా ఏడ్చి ఉంటాడు. "పాల పళ్ళే కదయ్యా, ఊడేవే కదా, నొప్పికి మందివ్వండి చాలు" అంటుంది.

మొదటిది ఫ్లోరోసిస్. రెండోది పుచ్చు. ఊళ్ళో రెండింటినీ కలిపి పళ్ళు పాడయ్యాయి అంటారు. వీటి కారణాలు వేరు, వేళలు వేరు. ఒకటి నీటిలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల, రెండోది నోట్లో నిలిచిన తీపి వల్ల. కానీ రెండింటికీ ఒక పోలిక ఉంది. తల్లిదండ్రులు పళ్ళు చూసి డాక్టరు దగ్గరికి వచ్చేటప్పటికి జరగవలసింది జరిగిపోయి ఉంటుంది. అందుకే నాకు ఆస్పత్రి కంటే ఇలాంటి సభల మీద నమ్మకం ఎక్కువ.

ఫ్లోరోసిస్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది మన నేల సంగతి.

పల్నాడు అనగానే బయటివాళ్ళకు పిడుగురాళ్ళ సున్నం, మాచర్ల నాపరాయి గుర్తొస్తాయి. కానీ జిల్లా అంతా ఒకే రాయి కాదు. వినుకొండ వైపు వెళితే గ్రానైటు జాతి రాయి తగులుతుంది. అలాంటి రాతిలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ, బోరు లోతు పెరిగినకొద్దీ నీరు రాతితో కలిసి ఉండే కాలమూ ఎక్కువ. నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను కొంతవరకు కట్టిపడేస్తుంది. కాల్షియం తక్కువగా ఉండి క్షారగుణం ఉన్న నీటిలో ఫ్లోరైడ్ తేలిగ్గా కరిగి నిలుస్తుంది. ఒక ఊరి బోరు బాగుండి పక్క ఊరి బోరు చెడిపోవడానికి, ఒక్కోసారి ఒకే ఊళ్ళో రెండు వీధుల బోర్లకే తేడా ఉండడానికి కారణం ఇదే. నాలుకతో దీన్ని పట్టుకోలేం. ఫ్లోరైడుకు మన నీళ్ళలో ఉండే మోతాదులో రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఉప్పగా ఉన్న నీళ్ళను జనం వదిలేస్తారు, కమ్మగా ఉన్న నీళ్ళను నమ్ముతారు. ఆ కమ్మని నీళ్ళలోనే అది ఉండవచ్చు.

మన దేశంలో ఈ జబ్బు శాస్త్ర ప్రపంచం దృష్టికి రావడం కూడా మన పక్కనే జరిగింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు వైద్యులు మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో రాశారు. వాళ్ళు చూసింది నెల్లూరు జిల్లా రోగుల్ని. అప్పటి నెల్లూరు జిల్లా అంటే దర్శి, పొదిలి కూడా అందులోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాకే అవి ఆ జిల్లాలోకి వచ్చాయి. వినుకొండలో నిలబడి దక్షిణంగా చూస్తే అదే నేల. నడుములు వంగిపోయి, మెడ తిప్పలేక, కీళ్ళు బిగుసుకుపోయిన మనుషుల్ని వాళ్ళు వర్ణించారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు లాన్సెట్ పత్రికలో ఇంకో సంగతి రాశారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతంలో కౌమారంలో ఉన్న పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయని. అంటే ఈ నీళ్ళ దెబ్బ ముసలితనం దాకా ఆగదు. ఎముకలు పెరిగే వయసులోనే తగులుతుంది. వాటన్నిటికంటే ముందు కంటికి కనిపించే గుర్తు పన్ను మీదే. మచ్చ పడిన ఆ పన్ను ఆ బిడ్డ చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగిందో చెప్పే రికార్డు.

ఎంత చిన్నప్పుడు? ఇక్కడ తల్లులు జాగ్రత్తగా వినాలని నా మనవి.

శాశ్వత ముందు పళ్ళు ఆరేడేళ్ళకు నోట్లోకి వస్తాయి. కానీ వాటి పైపొర, మేం ఎనామిల్ అంటాం, బిడ్డ పుట్టిన మూడు నాలుగు నెలలకే దవడ ఎముక లోపల తయారవడం మొదలవుతుంది. నాలుగైదేళ్ళకు పూర్తవుతుంది. మొదటి పెద్ద దవడ పన్నుకైతే పుట్టుకతోనే మొదలు. పై ముందు పళ్ళకు అన్నిటికంటే గడ్డుకాలం సుమారు ఏడాది దాటిన దగ్గర్నుంచి మూడేళ్ళు నిండేదాకా. ఆ కాలంలో ఫ్లోరైడ్ ఎక్కువ లోపలికి పోతే ఎనామిల్ పూర్తిగా గట్టిపడదు, లోపల సన్నని బొరియలు మిగిలిపోతాయి. పచ్చికుండ మీద పడిన వేలిముద్ర కాల్చాక చెరగదు, ఇదీ అంతే. తరవాత ఎన్ని మంచినీళ్ళు తాగినా ఆ పన్ను మారదు. ఎనిమిదేళ్ళు దాటాక, జ్ఞానదంతాల మాట వదిలేస్తే, ఎంత ఫ్లోరైడ్ తాగినా ముందే తయారైన పళ్ళ మీద కొత్త మచ్చలు పడవు. ఏడేళ్ళ పిల్ల పన్ను మీద నేను చూసే మచ్చ ఆమె అడుగులు నేర్చుకునే రోజుల నాటిది.

ఇప్పుడు లెక్క చూద్దాం. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చనీ, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చనీ మన భారతీయ ప్రమాణం చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దూ 1.5. ఒక ఊళ్ళో నీళ్ళలో 2 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. పెద్ద ఎక్కువేమీ కాదనిపిస్తుంది. అరవై కిలోల మనిషి రోజుకు మూడు లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు, అంటే కిలో బరువుకు 0.1. అదే ఊళ్ళో ఏడు కిలోల బిడ్డకు తల్లిపాలు లేక డబ్బా పాలపొడి కలిపి పడుతున్నారు. రోజుకు ముప్పావు లీటరు నీళ్ళు అందులో పోతాయి. 1.5 మిల్లీగ్రాములు. కిలో బరువుకు 0.2 దాటింది. చేలో ఎండన పడి పనిచేసిన నాన్నకంటే ఉయ్యాల్లో ఉన్న బిడ్డ ఒంటికి రెట్టింపు ఫ్లోరైడ్ చేరుతోంది.

తల్లిపాల విషయం దీనికి పూర్తిగా ఎదురు. తల్లి ఎక్కువ ఫ్లోరైడ్ నీళ్ళు తాగుతున్నా ఆమె పాలలోకి వచ్చేది అత్యల్పం. తల్లి శరీరం బిడ్డకూ ఊరి నీళ్ళకూ మధ్య అడ్డుగా నిలబడుతుంది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టొద్దని పిల్లల డాక్టర్లు చెప్పేది విరేచనాల భయంతో. పల్నాడులో ఆ మాటకు పళ్ళ డాక్టరు కూడా సంతకం పెడతాడు. గేదె పాలు, ఆవు పాలలో కూడా ఫ్లోరైడ్ తక్కువే. అరగదేమోనని సగానికి సగం కలిపే నీళ్ళే అసలు సమస్య.

ఇంకో మాట. నీళ్ళు కాచి చల్లార్చి పడుతున్నామని చాలామంది తల్లులు ధైర్యంగా చెబుతారు. కాచడం మంచిదే, సూక్ష్మక్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం ఆవిరై పోదు. నీళ్ళు ఇగిరిన కొద్దీ మిగిలిన నీళ్ళలో దాని చిక్కదనం కాస్త పెరుగుతుంది కూడా. గుడ్డతో వడగట్టినా, కుండలో తేర్చినా, మామూలు క్యాండిల్ ఫిల్టరులో పోసినా ఫ్లోరైడ్ పోదు. వీధిలో ఉన్న ఆర్వో ప్లాంటు సరిగా నడుస్తుంటే చాలావరకు తీస్తుంది. పటికా సున్నమూ కలిపి తేర్చే నల్గొండ పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ వాళ్ళు తయారుచేశారు. మోతాదు తెలిసినవాళ్ళ చేతిలో అది పనిచేస్తుంది. ఇక్కడ మన ఇళ్ళలో ఒక అలవాటు గమనించాను. తాగడానికి ప్లాంటు నీళ్ళ క్యాను, వంటకు బోరు నీళ్ళు. బిడ్డకు పెట్టే మెత్తని అన్నం, పప్పుకట్టు, రాగిజావ అన్నీ ఆ బోరు నీళ్ళలో ఉడికినవే, ఉడికేటప్పుడు ఆ నీళ్ళన్నీ అన్నమే పీల్చుకుంటుంది. ఇంటిల్లిపాదికీ వంట నీళ్ళు కొనడం కూలి చేసుకునే ఇంటికి భారమని నాకు తెలుసు. అయితే మూడేళ్ళలోపు బిడ్డ వంటకు రోజుకు రెండు లీటర్లు చాలు. క్యానులో నీళ్ళు ఎవరికైనా సరిపోకపోతే పెద్దవాళ్ళకు సరిపోకపోనివ్వండి. చంటిబిడ్డ గిన్నె మాత్రం ఆ నీళ్ళతోనే పొయ్యి ఎక్కాలి. పొద్దున్నే బిస్కెట్టు ముంచి పెట్టే టీ కూడా మానాలి. తేయాకులో సహజంగానే ఫ్లోరైడ్ ఎక్కువ. నీటిలోది, ఆకులోది కలిసి గ్లాసులోకి వస్తాయి.

నీళ్ళు మారిస్తే నిజంగా పళ్ళు మారతాయా అని అడిగేవాళ్ళకు ఒక ఊరి కథ చెప్పాలి. ఇది నాకు ఎంతో ఇష్టమైన కథ. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు వెళ్ళాడు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళమీద గోధుమరంగు మచ్చలు చూసి ఆశ్చర్యపోయాడు. పుస్తకాల్లో ఆ జబ్బే లేదు. గ్రీన్ వార్డిమన్ బ్లాక్ అనే మహా దంతవైద్యుణ్ణి రప్పించి ఇద్దరూ ఏళ్ళ తరబడి దాన్ని పరిశీలించారు. 1923లో మెకే ఐడహో రాష్ట్రంలో ఓక్లీ అనే చిన్న ఊరికి వెళ్ళాడు. అక్కడి తల్లిదండ్రులు ఆయనకు ఒక మాట చెప్పారు. ఊరికి దూరంగా ఉన్న వేడినీటి ఊట నుంచి గొట్టం వేసి నీళ్ళు తెచ్చుకున్నాకే పిల్లల పళ్ళు ఇలా అవుతున్నాయని. మెకే ఆ నీటిని పరీక్ష చేయించాడు. అప్పటి పరీక్షల్లో ఏమీ దొరకలేదు. అయినా ఆ తల్లిదండ్రుల మాటనే నమ్మి, గొట్టం వదిలేసి దగ్గరలో ఉన్న ఇంకో ఊట నీళ్ళు వాడమన్నాడు. ఊరు విన్నది. కొన్నేళ్ళకు ఆ ఊరి చిన్నపిల్లలకు వచ్చిన శాశ్వత దంతాలు మచ్చ లేకుండా వచ్చాయి. కారణం ఫ్లోరైడ్ అని చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టింది 1931లో. అంటే జబ్బుకు పేరు తెలియకముందే ఒక ఊరు దాన్ని ఆపగలిగింది. కళ్ళముందు పెరిగే పిల్లల్ని చూసుకునే తల్లుల గమనింపు, ఆ గమనింపును తోసిపుచ్చని డాక్టరు, మాట విన్న పంచాయతీ. ఈ మూడూ మనకు దొరకనివి కావు. పైగా వాళ్ళకు లేని పరీక్షలు మన చేతిలో ఉన్నాయి.

మన దగ్గరా నీళ్ళు మారిన ఊళ్ళున్నాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ, అంటే జవహర్ కాలువ, ఈ ప్రాంతానికి పంటతోపాటు తాగునీరూ ఇచ్చింది. కృష్ణ నీళ్ళలో ఫ్లోరైడ్ తక్కువ. కాలువ నీటితో నింపుకునే మంచినీళ్ళ చెరువున్న ఊళ్ళ పిల్లల పళ్ళకూ, కాలువ ఎక్కని మెరక ఊళ్ళ పిల్లల పళ్ళకూ తేడా నాకు కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవగానే కనిపిస్తుంది. వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు మెరక నేలలకు కృష్ణ నీళ్ళు ఎక్కించడానికి వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన చేశారు. ఆ పథకం నెరవేరాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ ఈ ఏడాది పుట్టిన బిడ్డ దవడలో ఎనామిల్ పథకాల కోసం ఆగదు. ఆ బిడ్డకున్న గడువు మూడేళ్ళు.

ఇక రెండో బాధ, పుచ్చు.

పాల పళ్ళు ఇరవై. కింది ముందు పళ్ళు రెండూ సుమారు ఆరో నెలలో, చాలామందికి అన్నప్రాసన అటూఇటూగా వస్తాయి. రెండున్నర, మూడేళ్ళకు ఇరవయ్యీ పూర్తవుతాయి. పై పళ్ళు ముందు వస్తే మేనమామకు గండమని ఇంకా భయపడే ఇళ్ళున్నాయి. వరసలో తేడా చాలామంది ఆరోగ్యవంతులైన పిల్లల్లో ఉంటుంది, మేనమామలు నిశ్చింతగా ఉండవచ్చు. పళ్ళొచ్చేటప్పుడు విరేచనాలు మామూలేననే నమ్మకం మాత్రం ప్రమాదకరమైనది. పళ్ళు రావడం వల్ల విరేచనాలు పట్టుకోవు. ఆ వయసులో బిడ్డ పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, వాటి వల్ల వస్తాయి. పళ్ళ మీద నెపం వేసి ఓఆర్ఎస్ పట్టకుండా ఉంటే బిడ్డ ప్రాణం మీదికొస్తుంది.

మన చేలల్లో మిరపకాయ కోతల కాలం తలుచుకోండి. తల్లి తెల్లారకముందే కూలికి వెళుతుంది. వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి బిడ్డను అందులో పడుకోబెడుతుంది. లేచి ఏడిస్తే పని ఆగిపోతుంది. పాలసీసాలో చక్కెర వేసిన పాలో, ఒట్టి చక్కెర నీళ్ళో పోసి నోటికిస్తుంది. బిడ్డ సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతుంది. ఆ తల్లిని తప్పుపట్టే అర్హత మనలో ఎవరికీ లేదు. ఆమెకు కూలి పోకుండా బిడ్డకు పన్ను పోకుండా ఏం చేయగలమో ఆలోచించాలి.

నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. మెలకువలో పన్నును కడిగి కాపాడేది అదే. సీసాలో తీపి పై ముందు పళ్ళ చుట్టూ నిలుస్తుంది. స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి సూక్ష్మక్రిములు ఆ తీపిని తిని ఆమ్లం వదులుతాయి. ఆమ్లం ఎనామిల్‌లోని ఖనిజాన్ని కరిగిస్తుంది. కింది ముందు పళ్ళకు నాలుక అడ్డుగా ఉంటుంది కాబట్టి అవి చివరిదాకా బాగుంటాయి. పై నాలుగు నల్లగా, కింది నాలుగు తెల్లగా ఉన్న నోరు చూస్తే ఆ బిడ్డ ఎలా నిద్రపోతుందో అడక్కుండానే చెప్పవచ్చు. చక్కెర బదులు బెల్లం వేసినా, తేనె పూసినా పన్నుకు ఒకటే. ఏడాదిలోపు బిడ్డకు తేనె అసలు పనికిరాదు, దానివల్ల వచ్చే బొటులిజం అనే జబ్బు ప్రాణాంతకం. రాత్రి పూట పట్టే దగ్గుమందు సిరప్పుల్లో కూడా చాలావాటిలో చక్కెర ఉంటుంది. మందు వేశాక నాలుగు చెంచాల నీళ్ళు పట్టించండి.

పుచ్చు మొదట కళ్ళపడే దశ ఒకటుంది, దాన్ని పట్టుకోవడమే మన పని. బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని పై పెదవిని వేలితో పైకెత్తండి. చిగురు అంచున పన్ను మీద తెల్లని గీత కనిపిస్తే అది పుచ్చుకు తొలి గుర్తు. ఇంకా గుంట పడలేదు. రాత్రి సీసా మాన్పించి, తోమడం మొదలుపెట్టి, డాక్టరు చేత ఫ్లోరైడ్ పూత వేయిస్తే ఆ గీత గట్టిపడి ఆగిపోవచ్చు. దీన్ని ఫ్లోరోసిస్ తెలుపుతో కలపకండి. ఫ్లోరోసిస్ చారలు ఎక్కువగా శాశ్వత దంతాల మీద, అటుపన్ను ఇటుపన్ను జతగా, పన్నంతా పరుచుకుని ఉంటాయి. పుచ్చు గీత పాల పన్ను మీద, చిగురును అంటుకుని ఉంటుంది.

"ఊడేవే కదా" అనే మాటకు జవాబు ఇంతవరకు చెప్పలేదు. వెనక పాల దవడ పళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఊడవు. మూడేళ్ళకు పుచ్చిన పన్నుతో ఆ బిడ్డ ఇంకో ఏడెనిమిదేళ్ళు నమలాలి. నమలలేని బిడ్డ అన్నం మానేసి నానిన బిస్కెట్ల మీద బతుకుతుంది, బరువు పెరగదు, నిద్ర ఉండదు. పాల పన్ను వేరు కింద చీము పడితే దాని కిందే తయారవుతున్న శాశ్వత దంతం దెబ్బతిని వంకరగానో మచ్చతోనో వస్తుంది. పన్ను ముందే తీసేస్తే పక్క పళ్ళు ఆ చోటికి జరిగి రావలసినదానికి దారి మూస్తాయి. నొప్పి వచ్చినప్పుడల్లా మందుల షాపులో యాంటీబయాటిక్ తెచ్చి వేస్తే వాపు తగ్గుతుంది, చీము మూలం మిగిలే ఉంటుంది.

పేస్టు గురించి అంగన్‌వాడీ టీచర్లు తరచూ అడుగుతారు. మన నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువన్నారు, మళ్ళీ ఫ్లోరైడ్ పేస్టా అని. సరైన ప్రశ్న. ఫ్లోరైడ్ పేస్టులో మన దేశంలో హద్దు 1000 పీపీఎం, అంటే గ్రాముకు 1 మిల్లీగ్రాము. మూడేళ్ళలోపు బిడ్డకు వాడవలసింది బియ్యపుగింజంత, అందులో ఉండేది సుమారు 0.1 మిల్లీగ్రాము. రోజుకు రెండుసార్లు తోమి, మొత్తం మింగేసినా 0.2. ఇందాక సీసా నీళ్ళలో లెక్కగట్టింది 1.5. భయపడవలసింది దేనికో చూడండి. పైగా పేస్టులో ఫ్లోరైడ్ పన్ను పైన పనిచేసి పుచ్చును ఆపుతుంది. 1901 నాటి మెకే కూడా తరవాతి కాలంలో మచ్చల పళ్ళకు పుచ్చు తక్కువని గమనించాడు. ఆ గమనింపు నుంచే 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో నీటికి కొద్ది మోతాదులో ఫ్లోరైడ్ కలపడం మొదలైంది. మోతాదే మందు, మోతాదే విషం. కాబట్టి నా మాట ఇది. మీ ఇంటి నీళ్ళు కాలువవో, సరిగా నడిచే ప్లాంటువో అయితే మొదటి పన్ను రాగానే బియ్యపుగింజంత, మూడేళ్ళు దాటాక శనగగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో పెద్దవాళ్ళే తోమాలి. బ్రష్షు పిల్ల చేతికిచ్చి ట్యూబు కూడా ఇచ్చేయకూడదు. ఎక్కువ ఫ్లోరైడ్ బోరు నీళ్ళు ఇంకా తాగుతున్న ఇంట్లో, ఉమ్మడం రాని బిడ్డకు ఉట్టి బ్రష్షుతో తోమండి, ఈలోగా నీళ్ళు మార్చే ప్రయత్నం చేయండి. మచ్చ పోతుందని ఇటుకపొడితో, కచ్చికతో, ఉప్పుతో రుద్దితే మచ్చ పోదు, ఉన్న కాస్త ఎనామిల్ అరిగిపోతుంది.

పుచ్చిపోయిన పాల పన్నుకు సాయం లేదని కాదు. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే ద్రవం ఉంది. మత్తు లేదు, డ్రిల్లు లేదు, బ్రష్షుతో ఒక చుక్క పూస్తే చాలా పళ్ళలో పుచ్చు ముందుకు పోకుండా ఆగుతుంది. పుచ్చిన చోటు నల్లబడుతుంది, ఆ సంగతి తల్లికి ముందే చెప్పాలి. చేతి పరికరంతో మెత్తని భాగం తీసి గ్లాస్ అయానమర్ సిమెంటుతో నింపే పద్ధతి 1980లలో టాంజానియాలో కరెంటు లేని పల్లెల కోసం మొదలైంది. 2021లో ఈ రెండింటినీ, ఫ్లోరైడ్ పేస్టునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. ఇవి బొల్లాపల్లిలోనో రెంటచింతలలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకడానికి అడ్డేమీ కనిపించదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షల్లో పిల్లల పళ్ళ జబ్బులు కూడా ఉన్నాయి. ఆ బృందం పుచ్చు అని కార్డులో రాశాక బిడ్డను గుంటూరుకో విజయవాడకో తీసుకెళ్ళాలంటే తల్లికి రెండురోజుల కూలి పోతుంది. చికిత్సే మండలానికి రావాలి. అధికారుల ముందు నేను పెట్టే మొదటి విన్నపం ఇదే.

రెండోది మన చేతిలో ఉంది. తొమ్మిదో నెల నిండాక మీజిల్స్ రుబెల్లా టీకాకు దాదాపు ప్రతి బిడ్డా ఉపకేంద్రానికి వస్తుంది. రెండో మోతాదుకు పదహారు, ఇరవైనాలుగు నెలల మధ్య మళ్ళీ వస్తుంది. మొదటిసారి నోట్లో అప్పుడప్పుడే పళ్ళు మొలుస్తుంటాయి, రెండోసారికి శాశ్వత ముందు పళ్ళ ఎనామిల్ లోపల తయారవుతుంటుంది. ఆ రెండు రోజులూ ఏఎన్ఎం టీకా వేశాక పై పెదవి ఎత్తి చూడాలి. ఇంట్లో తాగే నీళ్ళు ఏవి, వంట నీళ్ళు ఏవి, రాత్రి సీసా ఉందా అని అడిగి తల్లీబిడ్డల కార్డు మీద ఒక వరస రాయాలి. బోరు నీళ్ళన్న ఇంటి నుంచి సీసాడు నీళ్ళు తెప్పించాలి. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో ఆడవాళ్ళకు నీటి పరీక్ష కిట్లు వాడడం నేర్పారు. ఫ్లోరైడ్ పరీక్షలో గులాబీ రంగు పసుపు వైపు తిరిగితే ఎక్కువున్నట్టు. అనుమానం ఉన్న నమూనాను గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబుకు పంపి అంకె తెప్పించుకుని, ఆ అంకెను బోరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. కూలికెళ్ళే తల్లుల ఊళ్ళలో కోతల కాలమంతా అంగన్‌వాడీ పొద్దున్న పెందలాడే తెరిచి, సీసా బదులు గ్లాసుతో పాలు పట్టే ఏర్పాటు చేయాలి.

బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాలతో మొదలుపెడదామని ఇక్కడున్న అంగన్‌వాడీ టీచరమ్మలతో ఇందాకే మాట్లాడాను. కిట్లు ఎన్ని ఊళ్ళలో పనిచేస్తున్నాయో, రసాయనాలు అయిపోయినవి ఎన్నో ముందు లెక్క తీస్తామన్నారు. పెదవి ఎత్తి చూడడం, తెల్లగీత గుర్తుపట్టడం నేర్పడానికి నేనూ నా సహాయకులూ సెలవు రోజుల్లో ఉపకేంద్రాలకు వస్తాం. ఏ ఊరి నుంచి మొదలుపెట్టమంటారో సభ ముగిశాక ఆ బల్ల దగ్గర ఉన్న పుస్తకంలో ఊరి పేరు, తాగే నీళ్ళు ఎక్కడివో రాసి వెళ్ళండి.